నీలి తలుపు రికార్డు

చెవులు చిల్లులు పడేలా మైకు కూత పెడుతుంటే, ఆ మైకు పెట్టిన మనిషే ఏమీ పట్టనట్టు నిలబడి ఉండటం చిట్యాల జనం ఆ రోజే చూశారు.

అది ఒక రిటైర్డు పంతులు సంతాప సభ. ఫంక్షన్ హాలు నిండా ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ఆయన భార్య లేచి, కొంగు సర్దుకుని, రెండు మాటలు చెప్పడానికి మైకు ముందుకు వచ్చింది. ఆమెది చిన్న గొంతు. చిన్న గొంతు వాళ్లు మాట్లాడేటప్పుడు మైసయ్య ఎప్పుడూ చేసే పనే చేశాడు. మిక్సర్ మీద ఒక బొత్తాం కొద్దిగా తిప్పాడు. బాక్సుల్లోంచి సన్నటి కూత మొదలైంది. ముందు వరుసల వాళ్లు చెవులు మూసుకున్నారు. ఎవరి ఒళ్లోనో పసిపిల్ల ఏడుపు అందుకుంది. పంతులు భార్య తనవల్లే ఏదో తప్పు జరిగిందనుకుని రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె మాట ఇంకా రావడం లేదని మైసయ్య బొత్తాం మరికాస్త తిప్పాడు.

హాలు అవతలి మూల నుంచి రాజేశ్ పరుగెత్తుకొచ్చి మిక్సర్ కట్టేశాడు. రాజేశ్ పదహారేళ్లుగా మైసయ్య దగ్గరే పనిచేస్తున్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి.

"గంత కూత వెడ్తాంది గదనే. ఇనవడ్తలేదా?" అని అడిగాడు, మాస్కు కిందికి లాగి.

"వైరు లూజున్నది" అన్నాడు మైసయ్య.

వైరు లూజుగా లేదని ఇద్దరికీ తెలుసు. పంతులు భార్య మళ్లీ మైకు దగ్గరికి రాలేదు. తన కుర్చీలో కూర్చుని సభ అయ్యేదాకా తల ఎత్తలేదు.

మర్నాడు మైసయ్య తన భార్య జానమ్మను వెంటబెట్టుకుని పంతులు ఇంటికి వెళ్లాడు. పంతులు భార్య ఇద్దరినీ కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. "తప్పు నాదమ్మా, మన్నించుండ్రి" అని మైసయ్య తను అనుకుని వచ్చిన మాట అన్నాడు. ఆమె తల వంచుకుని ఏదో చెప్పింది. తల వంచుకోవడంతో ఆమె పెదవులు ఆయనకు కనబడలేదు. పోనీలెండి అని ఉంటుందనుకున్నాడు. చేతులు జోడించి, "అవునమ్మా, అవును" అన్నాడు.

ఆమె ముఖం చిన్నబోయింది. జానమ్మ గబగబా కల్పించుకుని, దగ్గరికి జరిగి, ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడింది.

బయటికొచ్చాక జానమ్మ మొగుడికి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"ఆమె ఏమడిగిందో ఎరుకేనా? మైకు కాడ నేను తప్పు నిలవడ్డనేమో, నా మీద కోపమొచ్చిందా అన్నా, అనడిగింది. నువ్వు అవునమ్మా అవును అన్నవు."

మైసయ్య హైవే మీద పోయే లారీల వైపు తిరిగాడు. లారీల బరువు శబ్దం ఆయనకు బాగానే వినబడుతుంది.

"మెర్సీకి ఫోన్ జెయ్యి" అన్నాడు చివరికి. "బిడ్డ రాంగనే దవాఖానకు పోదాం."

ఆ మాట కోసం జానమ్మ ఏడేళ్లుగా కాచుకుని ఉంది. తన చెవుల సంగతి మైసయ్యకు తెలంగాణ వచ్చిన రోజే తెలిసింది. ఆ జూన్ రెండున నల్లగొండలో ఊరేగింపులకూ సభలకూ మైకు సెట్లు చాలక పక్క జిల్లాల నుంచి తెప్పించారు. ఆ పొద్దున ఒక సభలో ఇద్దరు ఆడపిల్లలు హఠాత్తుగా చెవులు మూసుకోవడం చూసి ఆయన తన బాక్సుల వైపు తిరిగాడు. బాక్సులు మౌనంగా ఉన్నట్టే ఉన్నాయి. పిల్లల ముఖాల్లో మాత్రం బాధ కనబడింది. అప్పటికి ముప్పై ఏళ్లకు పైగా హారన్ల పక్కన, ఆ తర్వాత మనిషి ఎత్తు డీజే బాక్సుల పక్కన నిలబడిన చెవులు అవి.

ఆ రోజు నుంచి ఆయన జనం ముఖాలు చూసి సౌండు పెట్టడం నేర్చుకున్నాడు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. కరోనా వచ్చి అందరూ మూతులకు మాస్కులు కట్టుకోవడంతో ఆ విద్యలో సగం పోయింది. అయినా ఇంట్లో జానమ్మకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. మైకు పెట్టేవాడికి చెవులు పోయాయంటే ఇక ఆ దుకాణం గడప ఎవరు తొక్కుతారు?

మైసయ్యది నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్. తండ్రికి సొంత భూమి లేదు. కూలి దొరకని రోజుల్లో పెళ్లికో చావుకో డప్పు పట్టుకుని పోయేవాడు. మైసయ్యకు డప్పు చేతికి రాలేదు గానీ దాని లెక్క చెవికి పట్టింది. ఎక్కడ దెబ్బ తప్పిందో కూర్చున్నచోటి నుంచే చెప్పేవాడు. మైసయ్య పందొమ్మిదో ఏట, ఊళ్లో ఒక పెళ్లికి నల్లగొండ నుంచి మైకు సెట్టుతో చోటే మియా వచ్చాడు. రెండు హారన్లలో ఒకదాని గొంతు బొంగురుపోయిందని, లోపల రేకేదో చిట్లిందని మైసయ్య అన్నాడు. చోటే మియా నవ్వి, సాయంత్రం విప్పి చూశాడు. రేకు చిట్లే ఉంది. వారం తిరక్కుండా మైసయ్య గడియారం సెంటర్ వెనక సందులో చోటే మియా దుకాణంలో పనికి కుదిరాడు.

ఆ మరుసటి ఏడు, బదిలీ మీద పోతున్న ఒక పెద్ద ఇంజనీరు ఇంట్లో సామాను అమ్ముతున్నారంటే చోటే మియా రికార్డు ప్లేయరూ ఒక పెట్టెడు రికార్డులూ కొనుక్కొచ్చాడు. సినిమా పాటల రికార్డుల అడుగున ఏడు ఇంగ్లిషువి ఉన్నాయి. ఏడూ ఒకే బ్యాండువి. అట్టల మీద పేరు తీగలు పాకినట్టు వంకర అక్షరాల్లో ఉండటంతో దుకాణంలో ఎవరూ దాన్ని చదవలేకపోయారు. చాలా ఏళ్లకు, మెర్సీ ఎనిమిదో తరగతిలో ఉండగా, అట్టను అటూ ఇటూ తిప్పి "కాపర్ ఫెర్రీ" అని కూడబలుక్కుంది. "అంటే రాగి పడవ బాపూ" అంది. అప్పటిదాకా అట్ట మీద ఏ బొమ్మ ఉంటే అదే ఆ రికార్డు పేరు. నిచ్చెన రికార్డు, గుర్రాల రికార్డు, గుడ్లగూబ రికార్డు, నీలి తలుపు రికార్డు.

వాటిని కొనేవాడు దొరకలేదు. చోటే మియా వాటికి వేరే పని కనిపెట్టాడు. ఆ పాటల్లో నేల అదిరే బరువు శబ్దమూ, గాజు మీద గోరు గీసినంత సన్నటి శబ్దమూ ఒకేచోట ఉండేవి. వాటి మధ్య పిల్లనగ్రోవులు, గంటలు, ఎవరో దూరం నుంచి పిలిచినట్టు గొంతులు. సెట్టు బిగించాక ఆ రికార్డుల్లో ఒకటి ఐదు నిమిషాలు వేస్తే ఏ బాక్సుకు ఏ జబ్బు ఉందో బయటపడేది. చుట్టుపక్కల ఊళ్లలో ఆ వింత చప్పుడు వినబడగానే, మైకోళ్లు వచ్చిండ్రు, ఇగ పందిరి కాడికి పోదాం అనేవాళ్లు.

మొదటి ఏడాది మైసయ్యకూ అది వింత చప్పుడే. ఒక పగలు పందిరి కింద పెళ్లివారి కోసం కాచుకుని కూర్చుని, ఊసుపోక నిచ్చెన రికార్డు వేశాడు. మోకాలి మీద వేళ్లతో దెబ్బలు లెక్కపెట్టసాగాడు. నాలుగు నాలుగుగా పోవాల్సిన లెక్క ఏడు దగ్గర తిరిగి వస్తోంది. అలా కొంతదూరం పోయి, ఎవరితోనూ చెప్పకుండా ఐదులోకి దిగింది. మైసయ్య ముల్లు తీసి మళ్లీ మొదటికి పెట్టాడు. ఆ పాట ఒక పక్క మొత్తం, ఇరవై నిమిషాలు సాగుతుంది. పెళ్లివారు వచ్చేలోపు మూడుసార్లు విన్నాడు. మాటల్లో ఒక్కటీ అర్థం కాలేదు. కానీ పాట ఎటు పోతోందో, ఎక్కడ దారి తప్పినట్టు నటించి మళ్లీ ఇంటికి వస్తోందో తెలిసింది. దాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని మెర్సీ ఎప్పుడో చెప్పింది. పేరుతో ఆయనకు పెద్ద పని పడలేదు.

క్యాసెట్లు వచ్చాక ప్లేయరు మూలపడింది. మైసయ్య సొంతంగా సెట్టు పెట్టుకునే రోజున చోటే మియా ఆ ప్లేయరునూ ఏడు రికార్డులనూ ఆయన చేతిలో పెట్టాడు. అవి ఇంట్లో బియ్యం డ్రమ్ము పైన పాత దుప్పటి కింద ఉండేవి. ఆదివారం జానమ్మ మెర్సీని తీసుకుని చర్చికి వెళ్లినప్పుడు మైసయ్య అవి పెట్టుకుని వినేవాడు. తల్లీబిడ్డలు తిరిగొచ్చేసరికి కట్టేసేవాడు. తల్లి దాన్ని ఇంగ్లిషు లొల్లి అనేది, బిడ్డ చెవుల్లో వేళ్లు పెట్టుకునేది.

ఆ బిడ్డే ఇప్పుడు జడ్చర్లలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తోంది. తల్లి ఫోన్ చేయగానే ఐదు రోజులు సెలవు పెట్టి వచ్చి, తండ్రిని హైదరాబాద్‌లో చెవి పరీక్షలు చేసే చోటికి తీసుకెళ్లింది.

పరీక్ష చేసిన అమ్మాయి పేరు అఫ్రీన్. ఆమె మాస్కుకు మూతి దగ్గర కనబడేలా ప్లాస్టిక్ కాగితం కుట్టి ఉంది. అది చూడగానే మైసయ్యకు ప్రాణం కుదుటపడింది. గాజు గదిలో కూర్చోబెట్టి శబ్దాలు వినిపించి, ఆమె కాగితం మీద ఒక గీత గీసి చూపించింది. గీత ఎడమ నుంచి కొంతదూరం చదునుగా వచ్చి, గుట్ట దిగినట్టు కిందికి జారిపోయింది.

"ఈక్వలైజర్ల కుడిదిక్కు బొత్తాలన్ని కిందికి గుంజినట్టున్నది గదమ్మా" అన్నాడు మైసయ్య.

అఫ్రీన్ ఆశ్చర్యపోయి ఆయన వైపు చూసింది. "సరిగ్గా అదే అంకుల్. బరువు శబ్దాలు మీకు వస్తున్నయి. సన్నవి పోయినయి. చెవి మిషన్ ఆ బొత్తాలను కొంతవరకు పైకి తెస్తది. అన్నింటినీ తేలేదు, ముందే చెప్తున్న."

మిషన్ సర్దడానికి వచ్చే వారం రమ్మంది. మాటలతోనే సర్దితే సరిపోదని, ఆయనకు బాగా తెలిసిన పాట ఒకటి తెచ్చుకొమ్మని చెప్పింది. పాట ఎలా ఉండాలో మనసులో స్పష్టంగా ఉంటేనే, మిషన్‌లో ఏం తక్కువైందో చెప్పగలుగుతారంది.

"నా తాన ఏడు రికార్డులున్నయమ్మా."

"ఒక్కటే తేండి అంకుల్. ఎక్కువ తెస్తే మీరూ పరేషాన్, నేనూ పరేషాన్."

బస్సులో మైసయ్య కూతురి వైపు తిరిగి, "అడిగేదేమున్నది, నిచ్చెనే" అన్నాడు. ఇంటికి రాగానే దుప్పటి తీసి, ప్లేయరు తుడిచి, నిచ్చెన రికార్డు పెట్టి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ఇరవై నిమిషాలూ కదలకుండా విన్నాడు. హెడ్‌ఫోన్లు తీసేసరికి ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైంది బాపూ?"

"పిల్లనగ్రోవి మంచిగ ఇనవడ్డది" అన్నాడు. "కని ముల్లు ఇంక గాడికి రాకముందే ఇనవడ్డది బిడ్డా. నేను ఇంటలేను. యాది చేసుకుంటున్న."

ఏది రికార్డులోంచి వస్తోందో, ఏది తన తలలోంచి వస్తోందో ఆయనకు తేడా తెలియడం లేదు. అలాంటప్పుడు ఏడింటిలో ఏది మిషన్‌కు సరిపోతుందో ఎలా తేల్చాలి? మెర్సీ హెడ్‌ఫోన్లు అందుకుంది.

"నేనింట. ఏమేమి వస్తాందో నీకు జెప్త."

"నీకు గీ లొల్లి పడదు గదనే."

"నాకు నచ్చుడుతోని పనేమున్నది? ల్యాబుల చేసేది గదే. ఏం కనవడ్తే అది రాసుడు."

నోటు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. తండ్రి ఎదురుగా కూర్చుని ఆమె పెదవులు చూస్తుండేవాడు. రికార్డు తిరుగుతుంటే ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పేది. ఎడమ చెవిలో గిటారు. దాని కింద ఇంకోటేదో మూలుగుతున్నట్టు. ఇప్పుడు గంటలు.

"గంటలు గావు. అవి పీట మీది రేకులు, కర్రలతోని కొడ్తరు."

"గంటల్లెక్కనే ఉన్నయి."

"గంట మోగినంక గుయ్యిమంటది. ఇది అనది. మళ్ల విను."

ఆమె మళ్లీ విని, నిజమేనని పుస్తకంలో కొట్టేసి రాసుకునేది. రెండో రోజుకు ఆమె వేళ్లు తెలియకుండానే నేల మీద దెబ్బలు వేయడం మైసయ్య చూశాడు. జానమ్మ వంటింటి గడప మీద కూర్చుని వడ్లు చెరుగుతూ, తండ్రీబిడ్డలు ఇంతసేపు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం ఎన్నేళ్లకు చూస్తున్నానో అనుకుంది. పెళ్లయ్యాక మెర్సీ ఫోన్ చేసినా తల్లితోనే మాట్లాడేది. బాపుకు ఇవ్వమంటే ఆయన ఏదో పని చెప్పి తప్పించుకునేవాడు. ఎందుకు తప్పించుకుంటున్నాడో బిడ్డకు తెలియదు. కోపమనుకునేది.

నాలుగు రికార్డులు అయ్యేసరికి మైసయ్య మరింత తికమకలో పడ్డాడు. గుడ్లగూబలో తాళం గొప్పది. నిచ్చెనలో అన్నీ ఉన్నాయి. ఆ సాయంత్రం కూతురిని తీసుకుని చోటే మియాను అడగడానికి వెళ్లాడు.

చోటే మియాకు ఎనభై దాటాయి. నీటికాసులతో చూపు దాదాపు పోయింది. మంచం మీద కూర్చుని, అడుగుల చప్పుడు విని, "ఆవ్ మైసయ్యా, రా" అన్నాడు. మెర్సీ విషయమంతా చెప్పింది. ఆయన మైసయ్యను దగ్గరికి లాక్కుని చెవి దగ్గర గట్టిగా మాట్లాడాడు.

"నాకు కండ్లు పాయె, నీకు చెవులు పాయె. ఇద్దరం కలిస్తే పూరా ఒక మనిషి. ఏం ఫికర్ జెయ్యకు. గుర్రాలది తీస్కపో."

"గుర్రాలది ఉత్త ఉరుకుడే ఉస్తాద్. దాంట్ల నిమ్మళం లేదు."

"ముప్పై ఏండ్ల సంది గదే అంటవు."

"ముప్పై ఏండ్ల సంది అది గట్లనే ఉన్నది గద."

చోటే మియా దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత తడుముకుంటూ మైసయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "జర నా మాట విను. ఏది అచ్ఛా ఉన్నది అని సోంచాయిస్తే గిది తెగది. ఏది తప్పు మోగితే నీకు గుస్సా వస్తదో అది వట్కపో. ఆ పోరి మిషన్ తప్పు వెడ్తే నువ్వు ఊకోవద్దు."

మైసయ్య సరేనన్నట్టు తలూపాడు. కానీ ఏ రికార్డు తప్పు మోగినా తనకు కోపం వస్తుందని లోలోపల అనుకున్నాడు.

సెలవు ఆఖరి రోజున మెర్సీ నీలి తలుపు రికార్డు విన్నది. ఆ రికార్డు గొప్పదని మైసయ్య ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. పందిళ్లలో టెస్టింగుకు పనికొచ్చేదీ కాదు, ఎందుకంటే అందులో పెద్ద శబ్దాలు తక్కువ. రెండో పక్క చివర ఒక నిదానం పాట ఉంది. ఒక మనిషి, ఒక పియానో.

మెర్సీ చెయ్యి ఎత్తింది. "ఆగు బాపూ. గీడ పాట షురూ కాకముందు ఏదో కిర్రుమన్నది."

మైసయ్య వెన్ను నిటారుగా అయింది. "ఎన్నిసార్లు?"

"రెండు సార్లు. గీత వడ్డదేమో."

"గీత గాదు" అని మాత్రం అన్నాడు.

మెర్సీకి అనుమానం వచ్చింది. ఫోన్ తీసి నెట్‌లో వెతికింది. ఆ బ్యాండు రికార్డులన్నీ అందులో ఉన్నాయి, ఈమధ్యే శుభ్రం చేసి కొత్తగా పెట్టారట. అదే పాట పెట్టి జాగ్రత్తగా విన్నది.

"దీంట్ల లేదు బాపూ. కిర్రుమనుడు తీసేసిండ్రు. మంచిగ సాఫ్‌గ ఉన్నది. గిదే ఫోన్ల ఏస్కపోదాం."

"తీసేసిండ్రా?"

"ఆ. నాయిస్ అనుకొని తీసేసినట్టున్నరు."

"ఎట్ల తీసేస్తరు?" మైసయ్య లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు అంత పెద్దదిగా వినక చాలా రోజులైంది. జానమ్మ చేట పక్కన పెట్టి వచ్చింది. "ఎవడు తీసేయమన్నడు వాన్ని? అది నాయిసా? అది కుర్చీ. ఆ పాడెటాయిన కుర్చీ. నాయిస్ అంట."

తల్లీబిడ్డలు ముఖాలు చూసుకున్నారు. మైసయ్య కూర్చున్నాడు. తనే చెప్పాడు.

చోటే మియా దగ్గర నాలుగో ఏడు కాబోలు, దుకాణంలో ఒక్కడే ఉండి ఆ పాట వింటుంటే కిర్రుమన్నది. బాక్సు చెక్క వదులైందనుకుని విప్పాడు. మరలన్నీ బిగించాడు. మళ్లీ కిర్రుమన్నది. బాక్సు మార్చాడు, అదే చోట మళ్లీ వచ్చింది. మధ్యాహ్నం బువ్వ తినకుండా వెతికి వెతికి, చివరికి శబ్దం రికార్డులోనే ఉందని తేల్చుకున్నాడు. పాట మొదలుపెట్టబోతూ ఆ మనిషి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఒకసారి కూర్చుని, కుదరక ఇంకోసారి జరిగాడు.

"అప్పటిదాంక నాకు గవన్ని మిషన్లు చేసే సప్పుళ్లనే లెక్కుండె" అన్నాడు. "కుర్చీ ఇన్నంక ఎరుకైంది, గాడ ఒక మనిషి కూసున్నడని. ఏ దేశమో, ఏ ఊరో. పాడాలె అంటే వానిక్కూడ జర బుగులైనట్టుంది. అండ్లకెల్లి గా కుర్చీ తీసేస్తే ఇంకేమున్నది?"

మెర్సీ నోటు పుస్తకం మూసింది. "ఇగ దొరికింది గద బాపూ. చోటే మియా తాత చెప్పిన గుస్సా గిదే."

తన గుస్సా సంగతి మైసయ్యకు అప్పుడు స్ఫురించింది. నీలి తలుపు అట్టను చేతుల్లోకి తీసుకుని, మూలలు నలిగినచోట వేలితో సాపు చేశాడు. నిచ్చెన అంటే ఆయనకు గౌరవం. దాని గురించి ఎవరు అడిగినా గంటసేపు చెప్పగలడు. నీలి తలుపు గురించి చెప్పడానికి ఇన్నేళ్లలో మాట దొరకలేదు. ఆ మధ్యాహ్నం ప్లేయరు నుంచి వైరు కలిపి రికార్డును రెండు పక్కలా మెర్సీ ఫోన్‌లోకి ఎక్కించుకున్నారు. రాజేశ్ వచ్చి సాయం చేశాడు.

మరుసటి వారం మెర్సీ మళ్లీ సెలవు పెట్టి తండ్రితో హైదరాబాద్ వచ్చింది. అఫ్రీన్ రెండు చెవులకూ మిషన్లు పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంది. పాట మొదలవగానే మైసయ్య ముఖం చిట్లించాడు. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది.

"ఎట్లుంది అంకుల్?"

"ట్రెబుల్, గా సన్న సప్పుడు, ఉత్తగనే ఎక్కువున్నది. నడుమ గొంతు ముంగటికి రావాలె. పియానో గొంతు మీదికెక్కి కూసున్నది. దాన్ని దింపు."

ఆమె దింపింది. మళ్లీ వినిపించింది. ఈసారి గొంతు వచ్చింది గానీ పక్కనే ఎవరో తవుడు జల్లిస్తున్నట్టు చప్పుడు. మైసయ్య అదీ చెప్పాడు. మామూలుగా అరగంటలో అయ్యే పని రెండు గంటలు పట్టింది. చాలామంది బాగుంది, బాగులేదు అని రెండే మాటలు చెబుతారని, ఇలా చెప్పేవాళ్లు దొరికితే తనకే పని సులువని అఫ్రీన్ మెర్సీతో అంది. బయట కూర్చున్న వాళ్లు రెండుసార్లు తలుపు తట్టారు. ఆమె ఇంకాస్త ఆగమని చెప్పింది.

చివరికి రెండో పక్క ఆఖరి పాట పెట్టమన్నాడు మైసయ్య. కళ్లు మూసుకున్నాడు. మెర్సీ ఫోన్‌లో నిమిషాలు చూస్తోంది. కుర్చీ కదిలే చోటు వచ్చింది, పోయింది. మైసయ్య ముఖంలో ఏ మార్పూ లేదు. పియానో మొదలైంది. ఆయన కళ్లు తెరిచి అఫ్రీన్ వైపు చూశాడు.

"కుర్చీ రాలే."

అఫ్రీన్ ఆ చిన్న ముక్కను మళ్లీ మళ్లీ వేసి, కొలిచి, మిషన్ ఎంతవరకు ఇవ్వగలదో అంతవరకూ పెంచి చూసింది. తర్వాత తన కుర్చీ దగ్గరగా జరుపుకుని మాట్లాడింది. "ఆ శబ్దం చాలా సన్నది అంకుల్. ఆ జాగాల మీ చెవి నరం పనిచేస్తలేదు. నేను ఎంత పెంచినా అందుకోడానికి అక్కడ ఏం లేదు. అబద్ధం చెప్పి పంపను."

"మంచిగ జెప్పినవమ్మా" అన్నాడు మైసయ్య. "కాలిన కాయిల్‌కు కరెంటు ఎంతిస్తే ఏం లాభం?"

ఆ మాట మామూలుగానే అన్నాడు. కానీ మెట్లు దిగేటప్పుడు రెండుసార్లు ఆగాడు. కింద రోడ్డు మీద శబ్దాలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆటోల హారన్లు, ఎవరో బండి మీద గిన్నెలు పేర్చుతున్న చప్పుడు, కాళ్ల కింద ఇసుక. ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు. మిషన్లు తీసేయమంటావా అని మెర్సీ అడిగింది. వద్దన్నాడు.

"పా బాపూ, బస్సుకు టైమైంది."

మైసయ్య ఆమె వైపు తిరిగి చూశాడు. "ఇంకోపారి అను."

"ఏంది?"

"గదే. బస్సు అను."

"బస్సు" అంది మెర్సీ, అర్థం కాకుండానే. ఆ చివరి అక్షరం నేల మీద ఇసుక పోసినట్టు స్పష్టంగా వినబడింది. ఎన్నో ఏళ్లుగా మాటల చివర్లు ఆయనకు తెగిపోయి వస్తున్నాయి, మిగతాది తనే అతికించుకుంటూ వచ్చాడు. ఈ సంగతి మాత్రం బస్సెక్కి కూర్చున్నాక చెప్పాడు. ఏడేళ్లు ఫోన్ ఎందుకు తప్పించుకున్నాడో కూడా అప్పుడే చెప్పాడు. మెర్సీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పంతంగి టోల్‌గేటు దాటేదాకా మళ్లీ ఇటు తిరగలేదు.

మైసయ్య డీజే పనులన్నీ రాజేశ్‌కు అప్పగించాడు. పెద్ద బాక్సుల దగ్గర నిలబడితే ఉన్నది కూడా పోతుందని అఫ్రీన్ గట్టిగా చెప్పింది. మీటింగులు, ప్రార్థనలు, సంతాప సభలు ఆయన ఉంచుకున్నాడు. రాజేశ్ దగ్గర పనిచేసే వాళ్లలో ఒకరిని పక్కన నిలబెట్టుకుని, కూత మొదలైతే తన భుజం మీద తట్టమంటాడు. ఆ మాట పనికి పిలిచినవాళ్లకు ముందే చెబుతాడు. అది విని కొందరు వేరే సెట్టు మాట్లాడుకుంటున్నారు. చాలామంది ఈయన్నే పిలుస్తున్నారు.

మెర్సీ ఏడు రికార్డులనూ ఫోన్‌లోకి ఎక్కించుకుని పోయింది. పొద్దున కంపెనీ బస్సులో వింటుంది. మొన్న ఒక ఆదివారం ఫోన్ చేసి, ఈసారి తల్లితో మాట కలపకుండానే బాపుకు ఇవ్వమంది.

"బాపూ, అన్ని రెండేసి సార్లు ఇన్న. నాకైతే నిచ్చెననే మంచిగున్నది."

"నిచ్చెన గొప్పదే. కని అది గొప్పదని దానికి ఎరుకే. గందుకే నాకు జర కోపం."

"గదేం మాట? రెండో పక్క తాళం ఏడుకెల్లి ఐదుకు దిగుతది సూడు, గసొంటిది నీలి తలుపుల యాడున్నది?"

"రెండో పక్క గాదు, మొదటి పక్క. మంచిగ ఇన్నవా అసలు?"

"ఇన్ననే. నువ్వే మర్సిపోయినవు."

"నేనా మర్సిపోయేది?"

జానమ్మ రొట్టెలు చేసి పళ్లెం ముందు పెట్టింది. ఆయన తినకుండా అరుగు మీద అటూ ఇటూ తిరుగుతూ, రెండో పక్క ఎలా మొదలవుతుందో కూతురికి నోటితో తాళం వేసి వినిపిస్తున్నాడు. అవతల నుంచి మెర్సీ ఒప్పుకోవడం లేదు. అరగంట గడిచింది. ఆ అరగంటలో ఆయన ఒక్కసారి కూడా "ఏందీ, మళ్ల అను" అనలేదని జానమ్మ గమనించింది. పళ్లెం మీద మూత పెట్టి లోపలికి పోయింది.